అటకెక్కని పుస్తకం

పండగలొస్తే ఇల్లు దులుపుతాం కదా, అటక మీద ఏమేముంటాయి? పెళ్ళినాటి ఇత్తడి గుండిగలు, బొమ్మలకొలువు పెట్టె, పిల్లల పాత నోటుపుస్తకాలు, ఎవరో పెట్టగా వాడని దుప్పట్లు. రాసే అలవాటున్న ఆడవాళ్ళ ఇళ్ళలో వీటితోపాటు ఇంకొకటి కూడా కనబడుతుంది. పురికొసతో బిగించి కట్టిన పుస్తకాల కట్టలు. ప్రెస్సు నుంచి వచ్చినవి వచ్చినట్టే ఉంటాయి, విప్పరు. ఆ ఇంటావిడ రాసిన పుస్తకమే అది. వెయ్యి కాపీలు వేయించి, రెండొందలు బంధువులకీ స్నేహితులకీ పంచి, మిగిలినవి ఏం చెయ్యాలో తోచక పైకి ఎక్కించింది. ప్రతి పండక్కీ ఇంట్లో ఎవరో ఒకరు తల పైకెత్తి చూసి, "ఇవి ఇంకా ఇక్కడే ఉన్నాయా?" అంటారు. ఆ ఒక్క మాటతో ఆవిడ రెండో పుస్తకం ఆగిపోతుంది.

ఈ మధ్య పిల్లల కథలు రాస్తున్న ఆడవాళ్ళు బాగా కనబడుతున్నారు. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, నర్సులు, సాఫ్ట్‌వేర్ అమ్మాయిలు. రాత్రి పిల్లల్ని పడుకోబెడుతూ చెప్పిన కథే కాగితం మీద పెడుతున్నారు. మంచి సంగతే. 1947 జులైలో మొదలై రెండు మూడు తరాల్ని పెంచిన చందమామ ఆగిపోయి పదేళ్ళు దాటింది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బళ్ళో ఇంగ్లీషు చదువుతూ, తెలుగు అక్షరం దగ్గరకొచ్చేసరికి కూడబలుక్కుంటున్నారు. వాళ్ళ కోసం కథలు రాయాల్సింది వాళ్ళ మాటలు రోజూ వినేవాళ్ళు కాక మరెవరు?

అచ్చు వేయించడం ఒకప్పటంత కష్టం కూడా కాదిప్పుడు. డబ్బులుంటే నెల తిరక్కుండా పుస్తకం చేతికొస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. పిల్లల పుస్తకం వెయ్యాలనుకునే ఉద్యోగస్తురాలు కథ గురించి ఆరు నెలలు ఆలోచిస్తుంది, బొమ్మల గురించి మూడు నెలలు ఆలోచిస్తుంది. ఆ పుస్తకాన్ని ఎవరు కొంటారు, ఎక్కడ కొంటారు, ఎంతకి కొంటారు అన్నది మాత్రం కట్టలు ఆటోలోంచి దిగాకే ఆలోచిస్తుంది. అప్పటికి చీటీ పాడిన డబ్బో, పి.ఎఫ్. లోనో అయిపోయి ఉంటుంది.

పైగా తీరికెక్కడిది? కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు సగటున రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. అంటే మనకి అయిదు గంటలకి పదకొండు నిమిషాలు తక్కువ. ఆ పైన ఆఫీసు, బస్సు, పిల్లల హోంవర్కు. నాకు ఆఫీసు లేదు గనక కాస్త మెరుగే, ఆ మాట ఒప్పుకోవాలి. కాకపోతే ఉద్యోగం చేసే ఆవిడ రాస్తే "ఎప్పుడు రాస్తావమ్మా!" అని ఆశ్చర్యపోతారు, ఇంట్లో ఉండే ఆవిడ రాస్తే "నీకేం, ఖాళీయే కదా" అంటారు. ఇంటిపనిని ఖాళీ అనేవాళ్ళకి ఆ 289 నిమిషాల సంగతి ఎవరైనా చెప్పాలి.

కాబట్టి మొదటి పుస్తకం చిన్నదిగా ఉంటే మేలు. ఇరవై కథలు కలిపి లావు సంపుటి వెయ్యనక్కర్లేదు. ఒకే కథ, ఇరవై నాలుగు పేజీలు, సెంటర్ పిన్ను చాలు. పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు లెక్కన రావాలి. పదహారు, ఇరవై, ఇరవై నాలుగు అన్నమాట. ఇరవై రెండు పేజీల కథ పట్టుకెళితే ప్రెస్సులో రెండు ఖాళీ పేజీలు మిగుల్తాయి, వాటి కాగితం ఖర్చూ మీదే.

ప్రెస్సుకి ఇచ్చేముందు కథని అయిదారుగురు పిల్లలకి చదివి వినిపించండి. మీ పిల్లలకి కాదు, వాళ్ళు అమ్మ కథ అని బావుందంటారు. ఎదురింటి పిల్లలకి, పనిమనిషి పిల్లలకి చదవండి. వాళ్ళు ఎక్కడ కిటికీలోంచి బయటికి చూశారో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకోండి. ఆ పేరా తీసెయ్యాలి. అయిదారేళ్ళ పిల్లలే చదువుకోవాలంటే అక్షరం బాగా పెద్దదిగా, పేజీకి మూడు నాలుగు వాక్యాలకి మించకుండా, ఒత్తులు తక్కువగా ఉండాలి. "దుర్భిక్షం" అన్న మాట దగ్గర పిల్లవాడు ఆగిపోతే మళ్ళీ కథలోకి రాడు. "వానల్లేవు" అంటే పరుగెత్తుకొస్తాడు.

ఒత్తులంటే గుర్తొచ్చింది. మనం ఫోనులోనో కంప్యూటరులోనో యూనికోడ్‌లో టైపు చేస్తాం. చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ అను ఫాంట్లే. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, అక్షరాలు తారుమారవుతాయి. మీరు పంపిన కాపీలో తప్పుల్లేవని ధీమాగా ఉండకండి. మార్చాక వచ్చిన ప్రూఫుని కాగితం మీద తీయించి మళ్ళీ మొదటినుంచి చదవాల్సిందే. పెద్దల నవలలో అచ్చుతప్పు పడితే సర్దుకుని చదువుకుంటాం, పిల్లల పుస్తకంలో పడితే పిల్లవాడు అదే నేర్చుకుంటాడు.

బొమ్మలు వేసేవాళ్ళకి డబ్బులివ్వండి. "కొత్తవాళ్ళు కదా, పేరొస్తుంది" అని ఊరికే వేయించుకోవడం మనకే జరిగితే ఎంత మండుతుంది? ఎంత ఇస్తారో, ఎన్ని బొమ్మలో, ఆ బొమ్మలు పుస్తకంలో తప్ప ఇంకెక్కడ వాడుకోవచ్చో ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. అట్ట మీద మీ పేరు పక్కనే వాళ్ళ పేరూ ఉండాలి. ఇంటర్నెట్లో దొరికిన బొమ్మ తీసుకుని వాడకూడదని వేరే చెప్పక్కర్లేదు. ఇక కంప్యూటరే గీసిచ్చే బొమ్మలు చౌకే. కాని మొదటి పేజీలో ఎర్రగౌను వేసుకున్న పాప మూడో పేజీకి ఇంకెవరో పాపలా తయారైతే, పెద్దవాళ్ళు గమనించకపోయినా పిల్లలు పట్టేస్తారు.

ఐ.ఎస్.బి.ఎన్. అనే పదమూడు అంకెల నంబరు కోసం వేలకి వేలు అడిగేవాళ్ళున్నారట. మన దేశంలో అది ఉచితం. ఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, సొంతంగా పుస్తకం వేసుకునే రచయిత్రి కూడా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాపీరైటు మీరు కథ రాసిననాడే మీది. రిజిస్టరు చేయించుకోవచ్చుగాని తప్పనిసరి కాదు. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన నెల రోజుల్లో కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు, బొంబాయి, ఢిల్లీలలోని మరో మూడు గ్రంథాలయాలకీ ఒక్కొక్క కాపీ పంపాలి. "గోల్డు", "ప్లాటినం" అంటూ ప్యాకేజీలు చూపించేవాళ్ళ దగ్గర సంతకం పెట్టేముందు, హక్కులు ఎవరి దగ్గరుంటాయో, అచ్చుకి సిద్ధమైన ఫైలు మీ చేతికిస్తారో లేదో అడగండి. ఇవ్వమంటే లేచి వచ్చెయ్యండి.

ఇప్పుడు అసలు లెక్కకొద్దాం. అంకెలు ఊహించి వేస్తున్నవే, మీ ఊరి ధరలు పెట్టి చూసుకోండి. 500 కాపీలు, కాపీకి 45 రూపాయలు ప్రెస్సు ఖర్చు అనుకుందాం. 22,500 అయింది. బొమ్మలకి 15,000. మొత్తం 37,500. అంటే కాపీ ఒక్కింటికి 75 పడింది. వెల వంద పెట్టారు. పుస్తకాల షాపువాళ్ళకి నలభై శాతం కమీషను ఇవ్వాల్సొచ్చిందనుకోండి, మీకు చేరేది 60. అంటే షాపులో అమ్ముడుపోయిన ప్రతి కాపీ మీదా పదిహేను నష్టం. మీరే చేత్తో అమ్మితే వందకి వంద వస్తుంది, పాతిక లాభం. సగం షాపుల్లో, సగం మీ చేతిమీదుగా అమ్మితే 15,000, 25,000 కలిపి 40,000. ఖర్చు పోను 2,500 మిగుల్తాయి. పెద్ద లాభం కాదుగాని నష్టం లేదు కదా, సంతోషం.

మీరు చేత్తో అమ్మాల్సిన వాటిలోంచి వంద కాపీలు ఊరికే పంచారనుకోండి. పదివేలు పోయినట్టే. 2,500 మిగలాల్సిన చోట 7,500 నష్టం. ఎవరూ మోసం చెయ్యలేదు, ప్రెస్సువాడు ఎక్కువ లాగలేదు, షాపువాడు ఎగ్గొట్టలేదు. మొహమాటం ఒక్కటే ఆ పని చేసింది.

మా వీధిలో ఉండే ఒకావిడ హైస్కూల్లో లెక్కల టీచరు. కిందటేడు పిల్లల పుస్తకం వేసుకుంది. ఒక సాయంత్రం వచ్చి, "అక్కా, తరగతిలో అరవైమందిని అదుపులో పెడతానా, మా పిన్నిని వంద రూపాయలు అడగడానికి మాత్రం నోరు రావడంలేదు" అంది. పిన్నిగారు ఫోను చేసి, "మన పిల్ల పుస్తకం రాసిందటగా, నాలుగు పంపవే, మా మనవలకి" అన్నారట. ఇందులో పిన్నిగారి తప్పేమీ లేదు. మనింట్లో పచ్చడి పడితే సీసా పంపుతాం, అరిసెలు వండితే డబ్బా పంపుతాం. పుస్తకమూ అలాంటిదే అనుకున్నారావిడ. అలా అనుకునేలా చేసింది మనమే. మన చేతిపనికి మనమే ఎన్నడూ వెల కట్టుకోలేదు. ఆవకాయకీ కట్టుకోలేదు, ఊలు స్వెట్టరుకీ కట్టుకోలేదు, ఇప్పుడు కథకీ కట్టుకోవడంలేదు.

నేనన్నాను, "అడక్కు. ముందే చెప్పెయ్యి" అని. "పిన్నీ, పుస్తకం వంద రూపాయలు. నాలుగంటే నాలుగొందలు. నంబరు పంపుతున్నా, దానికి వెయ్యండి, రేపే పోస్టు చేస్తా" అని గడగడా అనేస్తే అయిపోతుంది. సాగదీస్తేనే కష్టం. ఆవిడ అలాగే అంది. పిన్నిగారు ఒక్క క్షణం ఆగి, "ఓస్, అంతేనా" అని అయిదొందలు పంపారట, ఇంకొకటి వియ్యపురాలికి కూడా పెట్టమని. అందరు పిన్నులూ ఇలాగే ఉంటారని నేననను. ముఖం ముడుచుకునేవాళ్ళూ ఉంటారు. ఉచితంగా ఇవ్వాల్సినవాళ్ళు కొందరుంటారు, వాళ్ళ పేర్లు ముందే ఒక కాగితం మీద రాసుకోండి. బొమ్మలేసినవాళ్ళు, కథ విన్న పిల్లలు, పరిచయం రాయగల పత్రికలు, మీ ఊరి గ్రంథాలయం. పాతిక దాటకూడదు. పాతిక దాటాక మేనత్త అడిగినా వందే.

టీచర్లకి ఒక మాట. మీ తరగతి పిల్లలకి మీ పుస్తకం అమ్మకండి. "టీచరు పుస్తకం కొనకపోతే మార్కులు తగ్గుతాయేమో" అని ఏ తల్లికైనా ఒక్క క్షణం అనిపించిందంటే పుస్తకం మర్యాదా పోతుంది, మీ మర్యాదా పోతుంది. ప్రభుత్వోద్యోగులైతే పుస్తకం వేసి అమ్ముకోవడానికి మీ శాఖ నిబంధనలు ఏమంటాయో ముందే కనుక్కుని, అవసరమైతే ఒక కాగితం పెట్టుకోండి. ఆఫీసు వేళల్లో పుస్తకం సంచీ తియ్యకపోవడం అన్నివిధాలా క్షేమం.

ఆవిష్కరణ సభ సంగతి చెబితే కొందరికి కోపం రావచ్చు. హాలు అద్దె, ఫ్లెక్సీ, శాలువాలు, జ్ఞాపికలు, టీ, సమోసా. వేదిక మీద ఎనిమిదిమంది పెద్దలు, వాళ్ళలో పుస్తకం చదివినవారు ఇద్దరు. కింద మన చుట్టాలు. పిల్లల పుస్తకం ఆవిష్కరణలో పిల్లలే కనబడరు, కనబడినా "ష్, అల్లరి చెయ్యకు" అనిపించుకుంటుంటారు. ఆ ఖర్చుతో ఇంకో వంద కాపీలు వస్తాయి. దానికి బదులు నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి కదా, మీ ఊరి లైబ్రేరియన్ని వారం ముందు కలిసి, "ఒక గంట పిల్లలకి కథ చెబుతాను" అనండి. ఆ రోజుల్లో పిల్లల కార్యక్రమాల కోసం వాళ్ళూ చూస్తుంటారు. శాలువా అక్కర్లేదు, చాపలు చాలు.

ఇది కొత్త ఉపాయమేమీ కాదు. 1945లో మద్రాసు నుంచి "బాల" పత్రిక పెట్టిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల్ని తెలుగు పిల్లలు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పిలిచేవారు. రేడియోలో వాళ్ళ గొంతు పిల్లలకి ఇంట్లోవాళ్ళ గొంతంత తెలుసు. ముందు గొంతు వినబడింది, వెనకాల పుస్తకం వెళ్ళింది. పిల్లల దగ్గర ప్రచారం అంటే ఇంతకు మించి ఏముంది చెప్పండి? కథ సగం చెప్పి, "మిగతాది ఇందులో ఉంది" అని పుస్తకం చూపిస్తే చాలు, పిల్లలే అమ్మల కొంగులు లాగుతారు.

దేశం కాని దేశంలో బియాట్రిక్స్ పాటర్ కథ కూడా ఇలాంటిదే. పీటర్ ర్యాబిట్ అనే కుందేలు పిల్ల కథ రాసి బొమ్మలు వేసి పంపితే ప్రచురణకర్తలు తిప్పి పంపారు. పుస్తకం చిన్న చేతుల్లో పట్టేంత చిన్నదిగా, చౌకగా ఉండాలని ఆవిడ పట్టు. 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 కాపీలు వేయించుకుంది. అప్పటికి ఆవిడకి ముప్పై అయిదేళ్ళు. వెయ్యి కాదు, 250 అని గమనించండి. కొన్ని తెలిసినవాళ్ళకిచ్చి మిగతావి అమ్మింది, అవి చెల్లిపోతే కొద్ది వారాల్లోనే ఇంకో 200 వేయించింది. ఆ తర్వాత 1902 అక్టోబరులో ఫ్రెడరిక్ వార్న్ కంపెనీవాళ్ళు రంగుల బొమ్మలతో వేశారు. ఆ మరుసటేడే ఆవిడ పీటర్ బొమ్మ తయారుచేసి దానికి పేటెంటు కూడా తీసుకుంది. కుందేలు కథ రాసే మనిషికి వ్యాపారం తెలియదని ఎవరన్నారు?

మనకీ అమ్ముకునే తావులు తక్కువేం కాదు. పుట్టినరోజు పార్టీల్లో పిల్లలకి రిటర్న్ గిఫ్టని ప్లాస్టిక్ డబ్బా ఇస్తున్నారు, మూడోనాటికి దాని మూత పోతుంది. ఆ పాతికమందికీ పాతిక పుస్తకాలు ఇవ్వచ్చు కదా? అక్షరాభ్యాసానికి వచ్చిన పిల్లలకి పలకా బలపంతో పాటు ఒక పుస్తకం. సంక్రాంతికి బొమ్మలకొలువు పేరంటం, భోగిపళ్ళు. అపార్ట్‌మెంటులో ఇలాంటి శుభకార్యం నెలకొకటైనా ఉంటుంది. అలా పాతికేసి తీసుకునేవాళ్ళకి పది శాతం తగ్గించినా షాపు కమీషను కన్నా మీకు మేలే. వాట్సాప్‌లో అయితే అట్టబొమ్మ రోజూ పెట్టి విసిగించకండి, పొద్దున్నే వచ్చే గులాబీపూల గుడ్‌మార్నింగుల్లో అదీ కలిసిపోతుంది. కథలోంచి ఒక పేజీ మీ గొంతుతో చదివి వారానికొకసారి పెట్టండి చాలు.

హైదరాబాదు పుస్తక ప్రదర్శన సాధారణంగా డిసెంబరులో, విజయవాడది జనవరి మొదట్లో వస్తాయి. సొంత స్టాలు ఒక్క పుస్తకానికి గిట్టదు. నలుగురు రచయిత్రులు కలిసి ఒకటి తీసుకుంటే గిట్టుతుంది, సెలవులు కూడా వంతులవారీగా పెట్టుకోవచ్చు. పిల్లల పుస్తకాలే ప్రత్యేకంగా వేసి అమ్మే మంచి పుస్తకం లాంటి సంస్థలున్నాయి, వాళ్ళ పుస్తకాలు ఒక పది కొని ధర, సైజు, అక్షరం చూడండి. అమెరికాలో మనబడి క్లాసులకెళ్ళే పిల్లలకీ ఇలాంటి చిన్న పుస్తకాలు కావాలి. పోస్టు ఖర్చు పుస్తకం వెల కన్నా ఎక్కువవుతుంది గనక, వెళ్ళేవాళ్ళ సూట్‌కేసులో కారప్పొడికీ గోంగూరకీ మధ్య నాలుగు సర్దించడమే దారి.

ఇవన్నీ ఒకేసారి చెయ్యాలంటే ఉద్యోగస్తురాలి వల్ల కాదు. వారానికొక పని పెట్టుకోండి. ఈ ఆదివారం లైబ్రరీ, వచ్చే ఆదివారం పక్క అపార్ట్‌మెంటు, రెండో శనివారం ఒక బడి. ఏడాదిలో 500 కాపీలు పోకపోతే రెండేళ్ళలో పోతాయి. పిల్లల పుస్తకం పేపరులాగా మర్నాటికి పాతబడదు, ప్రతి ఏడూ కొత్తగా అయిదేళ్ళు నిండే పిల్లలు వస్తూనే ఉంటారు. ఎవరికి ఎన్ని ఇచ్చారో, డబ్బులు వచ్చాయో లేదో పాలపద్దు రాసుకున్నట్టు ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి.

ఇక పోస్టు. పుస్తకాలకి చౌకగా ఉండే రిజిస్టర్డ్ బుక్‌పోస్టు 2024 డిసెంబరులో తీసేశారు. చాలామంది రచయితలు గగ్గోలుపెట్టారు. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని ఇంకొకటి వచ్చింది. మొదలుపెట్టినప్పుడు 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం అన్నారు. పుస్తకం మీద ప్రచురించినవారి పేరో, ప్రెస్సు పేరో ఉండాలి, లోపల ప్రకటనలు ఉండకూడదు. మీ పోస్టాఫీసులో ఇప్పటి రేటు అడిగి వెలలో కలుపుకోండి. అట్టముక్క పెట్టి కవరు అంటించే పని పిల్లలకివ్వండి, సంబరంగా చేస్తారు. కౌంటరు దగ్గర నిలబడే పని మాత్రం ఇంట్లో మగవారికి అప్పగించండి. వాళ్ళ 88 నిమిషాలకి ఇంకో ఇరవై కలుస్తాయి.